జొహరాబీ నల్ల సాసు

జొహరాబీకి వచ్చిన అక్షరాలు నాలుగే నాలుగు. అవీ ఇంగ్లీషువి. మొదటిది పాము, రెండోది సున్న, మూడోది పంగలకర్ర, నాలుగోది నిచ్చెన. ఈ నాలుగూ ఆ వరసలో ఏ పొట్లం మీద కనబడినా ఆ పొట్లం ఆమె ఇంటి గడప దాటదు. ఆదోనిలో ఆమెకు సరుకులిచ్చే కొట్ల వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. బిస్కెట్టు పొట్లం చేతికిస్తే చాలు, వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని, ఆ సన్నరాతలో పాము కోసం వెతుక్కుంటూ నిలబడుతుంది. వెనకున్న వాళ్ళు గొణుక్కుంటారు. వాళ్ళు గొణిగినా, కొట్టువాడు తొందరపెట్టినా ఆమె కదలదు.

అరవై ఏళ్ళొచ్చేదాకా చదువు లేదని ఒక్కనాడూ దిగులు పడని మనిషి. పడాల్సిన దిగులంతా రెండేళ్ళ కిందట ఒక్క పూటలో పడింది.

అప్పుడు మనవరాలు ఫిర్దోస్‌కు ఏడేళ్ళు. సోయా పడదని పసితనంలోనే డాక్టర్లు తేల్చారు. బెంగుళూరులో పరుపుల షోరూములో పనిచేసే కొడుకు జుబేరు, కోడలు తస్లీమ్ సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ మాట చెబుతూనే ఉండేవాళ్ళు. సోయా నూనె వద్దు, సోయా పాలు వద్దు, సోయా సాసు వద్దు. జొహరాబీ తల ఊపేది. ఆ పేరు గల వస్తువు తన వంటింట్లో ఏనాడూ లేదు కదా, ఇంక భయమెందుకు అనుకునేది. ఆమె వంటింట్లో ఉన్నది మీల్ మేకరు. మాంసం తేని రోజున ఇంటింటా వండుకునే మీల్ మేకరు. ఆ శనివారం దాన్నే మసాలా పెట్టి కూర చేసి, అన్నంలో కలిపి, పిల్లను ఒళ్ళో కూచోబెట్టుకుని ముద్దలు పెట్టింది. మూడో ముద్దకు పిల్ల పెదాలు ఉబ్బాయి. నాలుగో ముద్ద చేతిలో ఉండగానే ఊపిరి ఈల వేయడం మొదలుపెట్టింది.

ఆటోలో ఆసుపత్రికి పోయేంతసేపూ ఆ నాలుగో ముద్ద జొహరాబీ పిడికిట్లోనే ఉంది. సూది వేశాక, పిల్ల తేరుకున్నాక, ఏం తినిందని డాక్టరు అడిగాడు. ఆమె చెప్పింది. సోయాతో చేసేదే మీల్ మేకరని ఆయన నెమ్మదిగా, పెద్దగొంతు లేకుండా చెప్పాడు. ఆ నెమ్మదే ఆమెకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. సోయా అని ఇంగ్లీషులో రాసే ఆ నాలుగు అక్షరాలూ ఆ తర్వాత నేర్చుకున్నవే.

తస్లీమ్ ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు మాటలంటే జొహరాబీ ఏడ్చి తేలికపడేది. అనలేదు. కాకపోతే ఆ తర్వాత ఆదోనికి వచ్చిన ప్రతిసారీ ఆమె సంచిలో నీలం మూత డబ్బా ఒకటి ఉండేది. అందులో ఫిర్దోస్ తిండి. వచ్చిన పూటకు బెంగుళూరులో వండినది, మిగిలిన పూటలకు తస్లీమ్ తానే ఒక పక్క పొయ్యి మీద విడిగా వండి నింపేది. ఒకే ఇల్లు, ఒకే చాప, అందరికీ ఒక పళ్ళెం, పిల్లకు మాత్రం నీలం డబ్బా. జొహరాబీ చేయి పిల్ల నోటిదాకా పోయి రెండేళ్ళయింది. ఆ చేత్తో మళ్ళీ ఒక్క ముద్ద పెట్టాలని ఆమె కోరిక. దాన్ని మొగుడు పీరా సాబ్‌తో కూడా చెప్పుకోలేదు. చెప్పకపోయినా ఆయనకు తెలుసు. నలభై ఏళ్ళ కాపురం మరి.

ఈసారి మే నెలలో పది రోజులకని వచ్చారు. సెలవు దొరక్క జుబేరు దింపిన మర్నాడే వెళ్ళిపోయాడు. తల్లీకూతుళ్ళు ఉండిపోయారు. గురువారం పొద్దున పీరా సాబ్ వరండాలో పరుపుకు టాకాలు వేస్తూ ఉంటే ఫిర్దోస్ పక్కన చేరి ఫోనులో ఒక బొమ్మ చూపించింది. గిన్నెలో తెల్లటి అన్నం, దాని మీద దోసకాయ ముక్కలు, మామిడి ముక్కలు, ఎర్రటి పచ్చి చేప ముక్కలు, వాటన్నిటి మీదా నిగనిగలాడే నల్లటి సాసు. పోకే బౌల్ అంటారట. పీరా సాబ్ సూది ఆపి చాలాసేపు చూశాడు.

"పచ్చి చేప మన పిల్లి కూడా తింటాదమ్మా. దానికి బెంగుళూరు దాకా పోవల్నా?" అన్నాడు.

పిల్ల నవ్వలేదు. తన స్నేహితురాలి పుట్టినరోజుకు అందరికీ ఇవే గిన్నెలు పెట్టారని చెప్పింది. సాసులో సోయా ఉంటుంది కాబట్టి తన గిన్నెలో నిమ్మకాయ పిండి ఉప్పు చల్లారట. చేప కూడా తనకు వేయించి పెట్టారట. అదంతా బాగానే ఉందట.

వంటింటి గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తున్న జొహరాబీ వైపు తిరిగి, "అందరిదీ నల్లగా ఉండె జేజీ. నాదొక్కటే తెల్లగా ఉండె" అంది ఫిర్దోస్.

ఆ మాట జొహరాబీకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నీలం డబ్బా సంగతి పిల్ల ఏనాడూ ఎత్తలేదు. అడిగింది లేదు, మారాం చేసింది లేదు. తొమ్మిదేళ్ళకే సర్దుకుపోవడం నేర్చుకుంది. పిల్లలకు అంత తొందరగా రాకూడని విద్య అది.

"నీకు నేను సేస్తా నల్ల సాసు. పాము లేకుండా" అంది జొహరాబీ.

తస్లీమ్ పెరట్లో బట్టలు ఆరేస్తూ ఈ మాట విన్నది. వద్దనలేదు. చూద్దాంలేత్తా అంది. ఆ 'చూద్దాంలే'లో మర్యాద ఎంతుందో భయమూ అంతే ఉందని జొహరాబీ గ్రహించింది. కోపం రాలేదు. తనే తల్లి అయితే ఆ 'చూద్దాంలే' కూడా అనకపోదును అనుకుంది.

ముందు ఆ సాసు ఎలా ఉంటుందో తెలియాలి. ఇంట్లో దాన్ని రుచి చూసినది తస్లీమ్ ఒక్కతే. ఉప్పగా ఉంటుంది, అడుగున కొంచెం తీపి, కొంచెం పులుపు, ఆ పైన ఎముకలు బాగా మరిగిన రసంలో ఉండే కమ్మదనం ఒకటి ఉంటుంది అని చెప్పింది. మాంసం లేకుండా మాంసం కమ్మదనం ఎక్కడి నుంచి వస్తుందని జొహరాబీ అడిగితే, ఆ గింజలను నెలల తరబడి ఊరబెడతారంది. జొహరాబీ దగ్గర నెలలు లేవు. ఆదివారం సాయంత్రం రైలు.

అదే రోజు మొదటి ప్రయత్నం. చింతపండు, బెల్లం, ఉప్పు కలిపి మరగబెట్టింది. పీరా సాబ్ నాకి చూసి, పచ్చిపులుసు బాగా కుదిరింది, ఉల్లిపాయ మరిచిపోయినావు అన్నాడు. రెండోసారి నలుపు కోసం బెల్లాన్ని మాడబెట్టింది. నలుపు వచ్చింది, చేదు కూడా వచ్చింది. ఆయన ఈసారి లేచిపోయి నోరు పుక్కిలించాడు. మూడోదాన్ని చూపించబోతే, దుకాణంలో దూది దించాలని వంక పెట్టి బయటపడ్డాడు. దూది ముందురోజే దించారు.

శుక్రవారం పొద్దున తల్లీకూతుళ్ళు ఎమ్మిగనూరు వెళ్ళారు. తస్లీమ్ పుట్టిల్లు అక్కడే. ఒక రాత్రి ఉండి శనివారం సాయంత్రం వస్తామన్నారు. వాళ్ళను బస్సెక్కించి వస్తూ ఉంటే సందు మలుపులో జొహరాబీ కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. భీమక్క వాకిట్లోంచి వాసన వస్తోంది. ఉలవలు ఉడికే వాసన.

భీమక్క వాళ్ళకు హొళగుంద దారిలో ఆరెకరాల చేను, ఒక జత ఎద్దులు ఉన్నాయి. తొలకరి లోపల ఎద్దులకు సత్తువ రావాలని వేసవి పొడుగునా రోజూ పెద్ద అండాలో ఉలవలు ఉడకబెడతారు. ఉడికిన ఉలవలు ఎద్దులకు పోతాయి. పైన తేరిన చిక్కటి ఎర్రనీళ్ళు, ఉలవకట్టు, సందులో వాళ్ళకు. ఎవరి చెంబు వాళ్ళు తెచ్చుకుని ముంచుకుపోతారు. జొహరాబీ కొత్తకోడలుగా వచ్చిన నాటి నుంచీ ఆ ఇంటి కట్టుతో చారు కాస్తూనే ఉంది. కాచేకొద్దీ అది ఎలా నల్లబడుతుందో, ఎలా కమ్మబడుతుందో ఆమె చేతికి తెలుసు. ఇన్నాళ్ళూ చారుకు కావలసినంత కాచి దించేసింది, అంతే. దించకపోతే ఏమవుతుంది?

ఇంటికి పరుగెత్తి సత్తుగిన్నె తెచ్చుకుంది. నాలుగు చెంబుల కట్టు తీసుకుని సన్నసెగ మీద పెట్టింది. పొద్దంతా దాని ముందే కూచుంది. సగమయ్యాక చింతపండు రసం, బెల్లం, దంచిన అల్లం వెల్లుల్లి వేసింది. పావు వంతుకు దిగాక ఉప్పు వేసి వడగట్టి, మళ్ళీ పెట్టింది. గరిటె ఎత్తితే తీగలా సాగి దిగే పాకానికి వచ్చాక దించి, చివర్న చెంచాడు గానుగ నువ్వుల నూనె కలిపింది. చల్లారాక చూస్తే గిన్నెలో తన ముఖం కనబడింది. అంత నలుపు, అంత నిగనిగ.

పీరా సాబ్ గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రావాలా వద్దా అని తటపటాయించాడు. చివరికి వచ్చి వేలు ముంచాడు. రెండోసారి ముంచాడు. మూడోసారికి జొహరాబీ గిన్నె పక్కకు లాక్కుంది.

"ఏముంది దీంట్లో?" అన్నాడు.

"ఎద్దుల నీళ్ళు" అంది ఆమె. ఆ రోజంతా ఆమెను పట్టలేకపోయారు.

శనివారం సాయంత్రం తస్లీమ్ వచ్చాక సాసు సీసా ముందు పెట్టి, వేసినవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. ఉలవకట్టు, చింతపండు, బెల్లం, అల్లం, వెల్లుల్లి, ఉప్పు, నువ్వుల నూనె. పిల్ల ఎమ్మిగనూరులో ఉలవ గుగ్గిళ్ళు తింటుంది, నువ్వులుండలు తింటుంది, కాబట్టి వీటితో పేచీ లేదు. తస్లీమ్ వాసన చూసింది. చెంచాతో నాలుక మీద వేసుకుంది. ఆమె ముఖం విప్పారింది. అసలుదాని కంటే ఇదే బాగుందత్తా, రేపు మధ్యాహ్నం అందరం ఇదే తిందాం అంది. ఫిర్దోస్ సీసాను దీపానికి ఎదురుగా పట్టుకుని అటూఇటూ తిప్పి చూసింది. వెలుతురు లోపలికి పోవడం లేదని సంబరపడింది.

రేపు మధ్యాహ్నం. ఆ రెండు మాటలే జొహరాబీ పడుకునేదాకా లోలోపల అనుకుంటూ ఉంది.

ఆదివారం పొద్దున భీమక్కకు కాస్త సాసు ఇచ్చి వద్దామని చిన్న గిన్నెలో పోసుకుని, కొంగు కప్పుకుని బయల్దేరింది. కట్టు ఇచ్చినదానికి ఆ మాత్రం చేయాలి కదా. పోయేసరికి సందులో వాళ్ళు కట్టు ముంచుకుని వెళ్ళిపోయినట్టున్నారు. భీమక్క ఒక సంచి మూతి విప్పి, అండాలో మిగిలిన ఉలవల మీద గోధుమరంగు పొడి గుమ్మరిస్తోంది. గుమ్మరించి కట్టెతో కలుపుతోంది.

అదేమిటని అడిగింది జొహరాబీ. దాణా అని చెప్పింది భీమక్క. ఈ ఏడు చొప్ప చాలక ఎద్దులు చిక్కిపోయాయని కొడుకు మంజునాథ్ నెల కిందట తెచ్చి వేశాడట. ఉలవల్లో కలిపి పెడితే ఎద్దులు బాగా తింటున్నాయట. జొహరాబీ అండా అంచు వైపు చూసింది. నిన్నటిదో మొన్నటిదో, ఎండిన దాణా చుట్టూ అట్టకట్టి ఉంది. ఎద్దుల అండాను ఎవరూ పీచు పెట్టి తోమరు. చెంబెడు నీళ్ళు తిప్పి పారబోసి, మళ్ళీ ఉలవలు పోస్తారు. అది ఆమెకూ తెలుసు. నలభై ఏళ్ళుగా తెలుసు. కట్టు అంటే ఉలవలూ నీళ్ళే అనుకున్నంతవరకూ తోమకపోతే ఏమిటి?

కొంగులోని గిన్నె బయటికి తీయలేదు. వంగి సంచి మీద రాత చూసింది. పైన పెద్ద ఎద్దు బొమ్మ. కింద ఒక మూల సన్నటి అక్షరాలు. కళ్ళద్దాలు లాక్కుని వేలు పెట్టి వెతికింది. మూడో వరసలో దొరికింది. పాము, సున్న, పంగలకర్ర, నిచ్చెన.

అక్కడే అరుగు మీద కూలబడింది. భీమక్క కంగారుపడి నీళ్ళు తెచ్చింది. సంగతి విని నోటి మీద చేయి వేసుకుంది. అయ్యో జొహరక్కా, ముందే సెప్పింటే ఇయ్యకపోదునే అని వాపోయింది. అందులో ఆమె తప్పేముంది? సందంతా తింటున్న కట్టు, ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క ఫిర్దోస్‌కు తప్ప ఎవరికీ ఏమీ కాదు కూడా.

సాసు పిల్లకు పెట్టకూడదు, దాని గురించి ఆలోచించాల్సిన పనే లేదు. ఆలోచించాల్సింది ఇంకొకటి ఉంది. ఇంటికి పోయి, సీసా చేయి జారినట్టు నేల మీద వదిలేస్తే చాలు. పగిలిపోయింది, పాపిష్టి చేతులు అని నాలుగు మాటలు అనుకుంటే, అయ్యో పోనీండత్తా అంటుంది తస్లీమ్. వచ్చే సెలవుల్లో మంచి ఉలవలతో మళ్ళీ చేసుకోవచ్చు. చెబితే మాత్రం రెండోసారీ ఇదే చేయి పిల్ల మీదికి సోయా తెచ్చినట్టు తేలుతుంది. ఇంక ఆ నీలం డబ్బాను ఈ జన్మలో వదలరు. అబద్ధమెందుకు, అరుగు మీద కూచున్నంతసేపూ జొహరాబీ మనసులో సీసా పగలగొడుతూనే ఉంది.

కానీ ఉలవకట్టు ఒక్క భీమక్క ఇంట్లోనే కాస్తారా? రేపు ఏ పెళ్ళిలోనో, ఏ చుట్టాల ఇంట్లోనో పిల్లకు ఉలవచారు పెడతారు. ఉలవలే కదా అని తస్లీమ్ ఊరుకుంటుంది, తను ఊరుకున్నట్టే. ఆ తల్లికి ఇది తెలియాలి. ఎవరు చెబుతారు తను కాకపోతే?

"నీ సంచి కాసేపు ఇస్తావా భీమక్కా?" అని అడిగింది.

భీమక్క మిగిలిన దాణాను బానలో పోసి ఖాళీ సంచి ఇచ్చింది. జొహరాబీ దాన్ని భుజాన వేసుకుని సందంతా నడిచింది. పరుపులు కుట్టే పీరా సాబ్ పెళ్ళాం దాణా సంచి మోసుకుపోతోందేమిటని చూసిన వాళ్ళు చూశారు. వాకిట్లోనే సంచి దించి, చేతులు, మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుంది. అప్పుడు తస్లీమ్‌ను పిలిచింది.

"ఈడ సదువమ్మా" అని వేలితో దూరం నుంచే ఆ మూల చూపించింది. తస్లీమ్ వంగి చదివింది. ముఖం పాలిపోయింది.

"ఈ దాణా కలిపే అండాలోనే ఉలవలు ఉడకేస్తాండారు. నెల నుంచి. నేను అడగలేదు, అడగల్ల అని కూడా తోచలేదు. ఆ కట్టుతోనే సాసు సేసినా. పాపకు పెట్టాకు. యాడికి పోయినా కట్టు తాగనియ్యాకు, అండా కడిగినారో లేదో అడిగి చూసుకో." ఒక్క గుక్కలో అనేసి, ఆమె వంటింట్లోకి పోయి సీసా తెచ్చింది. పెరటి కాలవలో సాసంతా ఒంపింది. అది చిక్కగా, తీరిగ్గా దిగింది. అంత మంచి సాసును అంతసేపు చూడాల్సి రావడం ఆమెకు చాలా బాధ కలిగించింది. పీరా సాబ్ వరండాలోంచి చూస్తూ, చేతిలో సూది అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ఫిర్దోస్ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. లోపలికి పోయి నీలం డబ్బా తెచ్చి, ఇది తింటాలే జేజీ అంది.

అప్పుడు ఏడ్చింది జొహరాబీ. ముఖానికి కొంగు అడ్డం పెట్టుకోలేదు కూడా.

తస్లీమ్ పిల్ల చేతిలోని డబ్బా తీసుకుని అరుగు మీద పెట్టింది.

"ఇంట్లో ఉలవలుండాయా అత్తా?" అంది.

ఉన్నాయి. కోసిగి వైపు చుట్టాలు సంక్రాంతప్పుడు ఇచ్చిన చేని ఉలవలు, మూత తీయని డబ్బాలో రెండు శేర్లున్నాయి. అత్తాకోడళ్ళు చెరొక చేట పట్టుకుని వరండాలో కూచుని రాళ్ళు ఏరారు. ఆ పూట వాళ్ళు ఏరినంత శ్రద్ధగా ఎవరూ ఏరి ఉండరు. ఒక్కొక్క గింజనూ తిప్పి చూశారు. కుక్కరును మూడుసార్లు తోమారు. పీరా సాబ్‌ను బజారుకు తోలి చేపలు, మామిడిపండ్లు, దోసకాయలు తెప్పించారు. గానుగ వాడికి ఫోను చేసి ఆ గానుగలో ఇంకేవైనా ఆడతావా అని జొహరాబీ నిలదీసింది. నువ్వులు, పల్లీలు తప్ప ఇంకేమీ ఎరగనని అతను ఒట్టు పెట్టుకున్నాడు. ఉప్పు పొట్లాన్ని కూడా తిరగేసి చూస్తుంటే తస్లీమ్‌కు నవ్వొచ్చింది.

అయితే కుక్కరు కట్టు ఎద్దుల అండా కట్టులా రాదు. పలచగా, ఎర్రగా వస్తుంది. పొద్దంతా కాచే వ్యవధి లేదు. జొహరాబీ అదే చెప్పింది. తస్లీమ్ కాస్త ఆలోచించి, ఎమ్మిగనూరులో తన తల్లి ఉలవలను ముందు బాగా వేయించి ఉడకబెడుతుందని, కట్టు నల్లగా దిగుతుందని గుర్తు చేసుకుంది. పెనం పెట్టి తానే వేయించింది. గింజలు చిటపటలాడి, గోధుమరంగు దాటి, కాఫీ గింజల రంగుకు తిరిగాయి. ఇల్లంతా కమ్మటి వాసన నిండింది. ఆ తర్వాతి పనంతా జొహరాబీది. చింతపండు, బెల్లం, అల్లం, వెల్లుల్లి. రెండు పొయ్యిల మీద రెండు వెడల్పు గిన్నెల్లో కాచింది, తొందరగా ఇగరాలని. ఒకరు కలుపుతుంటే ఒకరు చెమట తుడుచుకున్నారు. ఎవరూ పాత సంగతి ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, గరిటె ఆపకుండానే, తస్లీమ్ ఒక మాట అంది.

"ఆ పొద్దు మీకు తెల్లేదు. నాకూ మీల్ మేకరు మాట చెప్పాలని తోచలేదత్తా. తోచింటే చెప్పి ఉందును."

రెండేళ్ళుగా జొహరాబీ ఎదురుచూసిన మాట అది. ఆమె బెల్లం సరిపోయిందా చూడమని చెంచా అందించింది.

రెండు గంటలకు సాసు దిగింది. మొన్నటి దానంత చిక్కన కాదు. నలుపు మాత్రం అంతే నలుపు. అన్నం ఆరబోశారు. చేపను పచ్చిగా తినడానికి ఆ ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు, నూనెలో దోరగా వేయించారు. దోసకాయ, క్యారెట్టు, మామిడిపండు ముక్కలు, ఉడికించిన గుడ్లు. ఐదు స్టీలు గిన్నెలు వరసగా చాప మీద పెట్టి, ఐదోది భీమక్కకని చెప్పి, ఫిర్దోస్ ఫోనులోని బొమ్మ చూసుకుంటూ ఒక్కొక్కటీ సర్దింది. చివర్న సాసు పోసింది. అన్నిటి మీదా ఒకేలాగా, నల్లగా.

తినడానికి ముందు తస్లీమ్ ఒక చుక్క సాసు పిల్ల కింది పెదవికి లోపల రాసి, గడియారం చూసింది. డాక్టరిచ్చిన మందు సూది పక్కన పెట్టుకుంది. ఇరవై నిమిషాలు. అందరూ గిన్నెల ముందు చేతులు కట్టుకుని కూచున్నారు. పీరా సాబ్ కడుపు బయటికి వినబడేట్టు మూలిగింది. పిల్ల కిలకిలా నవ్వింది. నవ్వినప్పుడల్లా జొహరాబీ ఆ పెదాల వైపే చూసింది. ఉబ్బలేదు. ఇరవై నిమిషాలూ అయ్యాయి, ఇంకో ఐదు కూడా అయ్యాయి. పెదాలు పెదాల్లాగే ఉన్నాయి.

జొహరాబీ పిల్ల గిన్నెను ఆమె ముందుకు జరిపి, చెంచా పక్కన పెట్టి, తన చేతులు వెనక్కి తీసుకుంది.

తస్లీమ్ ఆ చెంచా తీసేసింది.

"మీ సేత్తో పెట్టండత్తా" అంది.

జొహరాబీ చేయి కడుక్కునే ఉంది. అయినా లేచిపోయి మళ్ళీ కడుక్కుని వచ్చింది. అన్నం, చేప, మామిడిముక్క, నల్ల సాసు, అన్నీ కలిపి ముద్ద చేసింది. ఫిర్దోస్ నోరు పెద్దగా తెరిచింది. మొదటి ముద్ద, రెండో ముద్ద, మూడో ముద్ద. నాలుగో ముద్ద దగ్గర జొహరాబీ ఆగి పిల్ల ముఖంలోకి చూసింది. పిల్ల ఊపిరి మామూలుగానే ఉంది. ఆమె మాత్రం తన ఊపిరి బిగబట్టుకుని ఉంది.

"ఊఁ, పెట్టు జేజీ" అంది ఫిర్దోస్.

పీరా సాబ్ అప్పటికే గిన్నె ఖాళీ చేసి, మూతవేసిన భీమక్క గిన్నె వైపు ఆశగా చూస్తున్నాడు. పోకే అయినా పోకపోయినా, మళ్ళీ చేస్తే నన్ను బజారుకు పంపకుండా ముందు తినబెట్టండి అన్నాడు. ఆ మాటకు తస్లీమ్ నవ్వుతూనే ఆయనకు ఇంకాస్త అన్నం వడ్డించి, దాని మీద ఒక చెంచా సాసు వేసింది.

సాయంత్రం సామాను సర్దుతూ తస్లీమ్ అరుగు మీద పొద్దుట్నుంచీ అలాగే ఉన్న నీలం మూత డబ్బా తీసుకుంది. మూత తెరిచి, లోపలున్నది భీమక్క ఇంటి కోళ్ళకు వేసి, డబ్బాను నీళ్ళతో కడిగింది. జొహరాబీ వంటింట్లో గిన్నెలు తోముతోంది. తస్లీమ్ వెనక నుంచి వచ్చి ఖాళీ డబ్బాను ఆమె పక్కన గట్టు మీద పెట్టింది.

"రైల్లో పాపకు ఆకలైతాది. మీరే ఏదన్నా పెట్టియ్యండి" అని చెప్పి, తిరిగి చూడకుండా సామాను దగ్గరికి వెళ్ళిపోయింది.

జొహరాబీ ఆ డబ్బాను సబ్బు పెట్టి ఒకసారి తోమింది. వేడినీళ్ళతో ఇంకోసారి తోమింది. గుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి లోపలా బయటా చూసింది. మధ్యాహ్నం మిగిలిన అన్నం, చేప ముక్కలు సర్ది, పైన నల్ల సాసు పోసి, నీలం మూత గట్టిగా బిగించింది.